ప్రవాహమునకు ముందు పటము

2009వ సంవత్సరమున నైరృతి ఋతుపవనము దేశమును మోసగించినది. ఆగస్టు మాసాంతమువఱకు ఆంధ్రదేశమున అనావృష్టిని గూర్చిన మాటయే గాని మఱియొక మాట వినబడలేదు. రాయలసీమ రైతు నెఱ్ఱెలు విచ్చిన నల్లరేగడిని జూచుచు మేఘమునకై యెదురుచూచెను. సెప్టెంబరు కడపటి దినములలో మేఘము వచ్చినది. కాని వచ్చినది వాన కాదు, ప్రళయము. ఉత్తర కర్ణాటకమునను రాయలసీమ పశ్చిమభాగమునను గురిసిన కుంభవృష్టి కృష్ణా తుంగభద్రల నేకకాలమున బొంగించెను. అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతి నాడు, తుంగభద్రా హంద్రీ నదుల సంగమముననున్న కర్నూలు నగరము, ఒకప్పుడు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియైన నగరము, నీట మునిగెను. మంత్రాలయము మునిగెను. అలంపురము మునిగెను. నందికొట్కూరు ప్రాంతమున శ్రీశైల జలాశయపుటొడ్డున నున్న పల్లెలకు నీరు ముంచుకొని వచ్చెను.

ఆ దినములలో శ్రీశైల జలాశయములోనికి వచ్చిన నీరు సెకనునకు సుమారు 25 లక్షల ఘనపుటడుగులకు జేరెను. పొర్లుద్వారముల గుండ బోవుటకు నిర్ణయింపబడిన నీరు సుమారు 13 లక్షల ఘనపుటడుగులు. వచ్చునది పోవుదానికి రెట్టింపునకు సమీపించినపుడు నీరు వెనుకకు బేరుకొనక తప్పదు. 885 అడుగులు నిండుమట్టముగా గల జలాశయము 896 అడుగులను దాటెను. ఆనకట్ట నిలిచినది. నిలువనిచో దిగువ నాంధ్రదేశమున నేమి జరిగియుండెడిదో తలంచుటకైనను మనసొప్పదు.

ఆ రాత్రి ప్రజలడిగిన ప్రశ్నలు మూడు: నీరెందాక వచ్చును? ఎప్పుడు వచ్చును? ఎంతయెత్తు వచ్చును? ఈ మూటికిని సూటియైన సమాధానము ఒడ్డుననున్న గృహస్థున కెవ్వరును జెప్పజాలరైరి. వాన నాపుట మనుష్యునకు శక్యము కాదు. కాని ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట నేటి శాస్త్రమునకు శక్యమే. అదియును వరద వచ్చిన రాత్రి కాదు. వరదకు పదియేండ్ల ముందు, ఎండకాలపు పగటివేళ, తీరికగా చెప్పవచ్చును. ఆ సమాధానమునకే ప్రమాదపటమని పేరు. అట్టి పటము గీయబడుట యొక యెత్తు, గీయబడినది యూరికి జేరుట యొక యెత్తు. ఈ రెండవదానిని గూర్చియే పాఠకమహాశయులతో ముచ్చటింప నెంచితిమి.

అగ్నిపర్వతములతో మనకేమి పని?

ప్రవాహము పోవుదారిని ముందుగా గణించు శాస్త్రము విశేషశ్రద్ధతో బెంపబడిన తావులలో అగ్నిపర్వత ప్రాంతములు ముఖ్యమైనవి. నందికొట్కూరు తాలూకా వాసికి అగ్నిపర్వతముతో నేమి ప్రసక్తియని చదువరి యడుగవచ్చును. మన దేశమున నేడు రగులునట్టి అగ్నిపర్వతము అండమాను సముద్రమునందలి బారెన్ ద్వీప మొక్కటియే. 1991లో మరల మేల్కొని పలుమారు నిప్పులు గ్రక్కిన ఆ ద్వీపమున జననివాసము లేదు.

అయినను మన సీమ అగ్నిని ఎఱుగనిది కాదు. పులివెందుల ప్రాంతపు శిలలలో సుమారు 190 కోట్ల సంవత్సరముల నాటి అగ్నిద్రవము గడ్డకట్టిన పొరలు గలవు. బనగానపల్లె సమీపమున, జుర్రేరు లోయలోని జ్వాలాపురము కడ, నేల త్రవ్వినచో తెల్లని బూడిద గనబడును. అది సుమారు 74 వేల సంవత్సరములకు పూర్వము సుమత్రా ద్వీపమునందలి తోబా అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు సముద్రము దాటి వచ్చి మన మెట్టలపై రాలిన బూడిద. 2007లో పురాతత్త్వజ్ఞులు ప్రకటించిన పరిశోధనచే ఆ చిన్నగ్రామము ప్రపంచమున బేరుపొందెను. విచారింపదగిన విశేష మొకటి యున్నది. బూడిదను దెచ్చినది గాలి. కాని దానిని లోయలో మనుష్యుని నిలువును మించిన మందముగా బేర్చినది నీరు. మెట్టలపై బడినదానిని వానలు కడిగి పల్లమునకు దెచ్చి పోసినవి. అగ్నిద్రవమైనను, బూడిదబురద యైనను, నదీజలమైనను ధర్మమొక్కటియే: మిట్టనున్నది పల్లమునకు బోవును. కావున అగ్నిపర్వతపు ప్రవాహమును గణించు విద్యయు, వరదను గణించు విద్యయు తోబుట్టువులు. ఒకదాని యనుభవము రెండవదానికి బాఠము.

యంత్రము లెక్కించు విధము

పొలమునకు నీరు కట్టు రైతునకు ఈ విద్య మూలమున కొత్తది కాదు. మడవ తెఱచినపుడు ఏ కయ్య ముందు నిండునో, ఏ గట్టు తెగునో, అతడు కంటి యంచనాతో జెప్పగలడు. కంప్యూటరు చేయునదియు నిదియే. కాని కంటితో గాక లెక్కతో, ఒక మడికి గాక తాలూకా యంతటికిని చేయును.

మొట్టమొదట నేల యెత్తుపల్లముల పటము కావలెను. 2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి ప్రయోగింపబడిన కార్టోశాట్-1 ఉపగ్రహము ఒకే నేలను రెండు కోణములనుండి చిత్రించుటకు రెండు కెమెరాలు గలది. మనుష్యుడు రెండు కన్నులతో లోతును గ్రహించునట్లు, శాస్త్రజ్ఞు లా జంటచిత్రములనుండి దేశమునందలి నేల యెత్తును గణించిరి. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము ఆ లెక్కను 30 మీటర్ల గడులుగా ప్రజల కందుబాటులో నుంచినది. ఒక్కొక్క గడి మన కొలతలో సుమారు 22 సెంట్ల నేల. తాలూకా యంతయు నిట్టి గడులు గల చదరంగపు బల్ల యనుకొనవచ్చును. ప్రతిగడియందును దాని యెత్తు వ్రాయబడియుండును.

తరువాత ప్రవాహమును ఆ బల్లపై విడువవలెను. ప్రతిగడియును తన చుట్టునున్న గడులను జూచును. తనకన్న పల్లమైన గడికి తనయందలి నీటిలో గొంత నిచ్చును. మిట్టనున్న గడినుండి గొంత పుచ్చుకొనును. వచ్చినది, పోయినది, నిలిచినది, ఈ మూటి లెక్క ఎన్నడును దప్పరాదు. షావుకారు చిట్టాలో జమయు ఖర్చును నిలువయు సరిపోవునట్లు సరిపోవలెను. నీటి వేగము ఎట్లు మాఱునో చెప్పు సూత్రములను ఫ్రాన్సు దేశపు సెయింట్ వెనాంట్ అను పండితుడు 1871లో బ్రకటించెను. మన కర్నూలు కడప కాలువ త్రవ్వబడిన కాలమును ఇంచుమించుగా నదియే. ఆ సూత్రములను కాగితముపై సాధింప యత్నించిన వారికి ఒక నదికే నెలలు చాలకుండెడివి. నేడు కంప్యూటరు క్షణక్షణమునకు లక్షల గడులలో ఆ లెక్క వేసి, ఏ గంటకు ఏ వీధిలో నెంత లోతు నీరుండునో చూపగలదు.

ద్రవము మాఱిన కొలది లెక్క మాఱును. నీరు పలుచన, సందు దొరికినచో దూరును. అగ్నిద్రవము చిక్కన, గానుగ కడ పెనములో గాగిన బెల్లపుపాకము దించినపిమ్మట చల్లబడిన కొలది కదలిక తగ్గి గట్టిపడునట్లు, అదియు ముందునకు సాగినకొలది చల్లబడి తనదారిని దానే మూసికొనును. కావున దాని లెక్కలో ఎత్తుతోబాటు వేడిమి కూడ జేరును. బూడిదయు నీరును గలిసిన బురదప్రవాహ మీ రెంటికి నడుమనున్నది. నీటివలె బరుగెత్తును, రాతివలె గొట్టును. మిక్కిలి ప్రాణహాని చేయగలది యిది.

ఒక్కసారి లెక్కవేసి యూరకుండుట చాలదు. వాన ఎంతయో, కట్ట యెచట తెగునో, పర్వతము ఏ ప్రక్క బ్రద్దలగునో ముందుగా నెవరికిని దెలియదు. కావున యంత్రముచే ఒకే ప్రశ్నను వేలమారులు, ప్రతిమారును గొంత మార్చి, లెక్కవేయింతురు. ఇటలీ దేశమున ఎట్నా పర్వతపు అగ్నిద్రవము 1669లో కటానియా నగరపు గోడలను జేరెను. నేడు అచటి శాస్త్రజ్ఞులు ఆ పర్వతముపై వేలకొలది కల్పిత ప్రవాహములను కంప్యూటరునందు విడిచి, ఏ తావునకు ఎన్నిమారులు నిప్పు చేరెనో లెక్కించి, ఆ సంఖ్యలను రంగులుగా మార్చి పటము గీసిరి. ఎఱ్ఱరంగు పడిన చోట ఆస్పత్రి కట్టరాదు; పాఠశాల కట్టరాదు. పటము జోస్యము కాదు. ఎచట నపాయ మధికమో, ఎచట స్వల్పమో తూచి చూపు త్రాసు మాత్రమే.

ఆర్మెరో నేర్పిన పాఠము

ఇక పటము గీసియు నూరిని రక్షింపలేని యొక సందర్భమును జెప్పవలసియున్నది. దక్షిణ అమెరికాయందు కొలంబియా దేశమున నెవాడో దెల్ రూయిజ్ అను అగ్నిపర్వతము కలదు. దాని శిఖరము మంచుతో గప్పబడియుండును. పర్వతమునకు దూరమున, నదిలోయ మైదానమున గలియు చోట, ఆర్మెరో యను సంపన్నమైన పట్టణము. చుట్టును ప్రత్తిచేలు, వరిచేలు. 1845లో బురదప్రవాహ మొకటి అదే తావును ముంచి సుమారు వేయిమందిని బలిగొనెను. ఆ బురద పరచిన సారవంతమైన నేలమీదనే తరువాత పట్టణము పెరిగెను.

1984 చివర పర్వతము మేల్కొనసాగెను. 1985 అక్టోబరు మాసమున శాస్త్రజ్ఞులు పూర్వపు ప్రవాహములు విడిచిన గుర్తులను బట్టి ప్రమాదపటమును సిద్ధపఱచిరి. అందు ఆర్మెరో బురదప్రవాహపు దారిలోనే చూపబడెను. పట మధికారుల బల్లలపైకి జేరెను. అది అతిశయోక్తి యనియు, ప్రజల నకారణముగా భయపెట్టుననియు, వ్యాపారము చెడుననియు గొందఱనిరి. నవంబరు 13వ తేదీ రాత్రి తొమ్మిదిగంటలు దాటినంతనే పర్వతము బ్రద్దలై మంచు కరగెను. బురద లోయల వెంట దిగసాగెను. రమారమి రెండున్నర గంటల తరువాత అది ఆర్మెరోను జేరెను. ఆ సాయంకాలము బూడిద రాలుచుండగా ప్రజలకు ఇండ్లలోనే శాంతముగా నుండుడని చెప్పబడియుండెను. మొత్తము సుమారు 23 వేలమంది చనిపోయిరి.

పాఠకులు గమనింపవలసిన దేమన, అచట శాస్త్రము తప్పలేదు. పటము తప్పలేదు. ప్రవాహము పటమున జూపిన దారినే వచ్చినది. రెండున్నర గంటల యవధి కూడ నుండెను; నడచి మెట్ట యెక్కుటకు అది చాలునంత కాలము. లోపించినది పటమునకును ఇంటిగడపకును నడుమనుండవలసిన బాట. ఆ సంఘటనము పిమ్మట ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు బురదప్రవాహముల కొలతలను సేకరించి, ఎంత బురదకు ఎంత నేల మునుగునో చెప్పు కంప్యూటరు పద్ధతులను గల్పించిరి. 1998లో అమెరికా భూగర్భశాఖ వారు ప్రకటించిన పద్ధతి తొమ్మిది అగ్నిపర్వతముల కడ జరిగిన 27 ప్రవాహముల కొలతలపై నాధారపడినది. లెక్కలు బాగుపడినవి. కాని ఆర్మెరో నేర్పిన పాఠము లెక్కను గూర్చినది కాదు. లెక్కను వినిపించుటను గూర్చినది.

పటమునకును హద్దు కలదు

పటమును గ్రుడ్డిగా నమ్ముటయు అపాయమే. ఉపగ్రహము చెప్పిన యెత్తులో గొన్ని మీటర్ల తప్పుండవచ్చును. కొండసీమలో ఆ తప్పు లెక్కకు రాదు. కాని వేయి మీటర్లకు ఒక మీటరు వాలు గల రేగడిభూమిలో, ఎత్తులో ఒక్క మీటరు తప్పు నీటి యంచును ఒక కిలోమీటరు జరుపును. ఒక యూరు పటములో మునుగునో తేలునో ఆ మీటరే నిర్ణయించును. కావున నదీతీరములను విమానమునుండి కాంతికిరణములతో గొలిచి సూక్ష్మమైన పటమును సిద్ధపఱచుకొనుట యవసరము. పది మీటర్ల గడి యనగా మన రెండున్నర సెంట్లు. అపుడు ఇండ్లవరుసలు, రోడ్డుకట్టలు, కాలువగట్లు లెక్కలోనికి వచ్చును. వరద కాలమున రోడ్డుకట్టయే యానకట్ట యగుననుట మన పల్లెటూరివారికి జెప్పనక్కఱలేదు.

నేల కూడ మాఱుచుండును. శ్రీశైల జలాశయము మొదట 308 టి.ఎం.సి.ల నీటిని బట్టునట్లు కట్టబడినది. ఒండ్రు పేరుకొనుటచే నేడది సుమారు 215 టి.ఎం.సి.లకు దగ్గినది. నాటి నదీగర్భపు కొలతతో నేటి వరదను గణించుట, తాతనాటి రశీదుతో నేటి శిస్తు కట్టబోవుట వంటిది. కొన్నియేండ్ల కొకమారు నదీగర్భమును మరల గొలువవలెను; పటమును మరల గీయవలెను.

మఱియొక హద్దు మనుష్యుని మనసునందున్నది. హవాయి ద్వీపమునకు అమెరికా శాస్త్రజ్ఞులు 1974లోనే ప్రమాదపటము గీసి, తరువాత సవరించి, ద్వీపమును తొమ్మిది మండలములుగా విభజించిరి. మొదటి మండలము అత్యంతాపాయకరమైనది. అపాయమున్నచోట భూమి చౌక. చౌకయైనచోట జనము చేరుదురు. 2018లో కిలవేయా పర్వతపు చీలికలనుండి యుబికిన అగ్నిద్రవము ఆ మండలమున 700లకు పైగా ఇండ్లను గబళించెను. ముందుగా హెచ్చరింపబడి తొలగింపబడుటచే ప్రాణములు దక్కినవి, ఆస్తి దక్కలేదు.

“నూఱేండ్ల వరద” యను మాటయు మనలను మోసగించుచున్నది. అది నూఱేండ్లకొకసారి గడియారము కొట్టినట్లు వచ్చునని యర్థము కాదు. ప్రతియేడును నూటి కొకపాలు సంభావ్యత యని యర్థము. ముప్పదియేండ్లుందునని యిల్లు కట్టుకొను గృహస్థునకు, ఆ ముప్పదియేండ్లలో అట్టివరదను ఒక్కసారియైనను జూచు సంభావ్యత నాలుగింట నొకపాలు మించును. నాలుగు పంటలలో నొకటి పోవునని యెఱిగిన రైతు గింజలు దాచుకొనడా? ఇంటి విషయమున నంత జాగ్రత్త యేల యుండరాదు?

మన నదులు, మన చట్టము

2009 నాటి వరదకు కారణమేమని నాడు వాదములు చెలరేగినవి. జలాశయమును ముందుగా ఖాళీచేసి యుండవలసినదని కొందఱు, వాన అపూర్వమైనదని కొందఱు, హంద్రి పొంగుటయే కర్నూలును ముంచినదని కొందఱు వాదించిరి. ఎవరి కోపము వారిది. కాని ఇది లెక్కకు లొంగు ప్రశ్న. తుంగభద్ర వంతెంత, హంద్రి వంతెంత, వెనుకకు బేరుకొనిన జలాశయపు నీటి వంతెంత. ద్వారములు రెండుదినములు ముందుగా తెఱచినచో నీటిమట్టమెంత తగ్గెడిది. ఈ ప్రశ్నల నన్నిటిని కంప్యూటరునందు వేర్వేరుగా విడదీసి లెక్కవేయవచ్చును. తప్పు పట్టుటకు గాదు. మఱునాడు అదేనీరు వచ్చినపుడు చేయి వణకకుండ ద్వారము తెఱచుటకు.

ఆ మఱునాడు దూరమున లేదని రాయలసీమకు రెండుమారులు దెలిసివచ్చినది. 2021 నవంబరు 19వ తేదీన, కార్తిక పూర్ణిమ వేళ, కడప జిల్లా రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగెను. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందుగా తెగెను. ఆ నీరు దిగువకు జేరినది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట మొదలగు గ్రామములపై నీరు విఱుచుకొనిపడెను. పలువురు ప్రాణములు గోల్పోయిరి; పచ్చని పొలములపై ఇసుక మేట వేసెను. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోసపేట కడ తుంగభద్ర ఆనకట్ట 19వ ద్వారపు గొలుసు తెగి ద్వారము కొట్టుకొనిపోయెను. కర్నూలు జిల్లా నదీతీర గ్రామములకు హెచ్చరిక పంపిరి. ఆ మాఱు తెగినది ఒక్క ద్వారము. వారము దినములలో ఇనుపపలకలు దింపి నీటిని ఆపగలిగిరి. ఇట్టి యదృష్టము ప్రతిమారు నుండునని యెవరు పూచీపడుదురు?

చట్టము లేదనుటకు వీలులేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన ఆనకట్టల భద్రతా చట్టము ఆ సంవత్సరము డిసెంబరు 30న అమలునకు వచ్చినది. ప్రతి పెద్ద ఆనకట్టకును యజమానియైన వ్యవస్థ విపత్కాల కార్యప్రణాళికను సిద్ధపఱుపవలెననియు, ఇదివఱకే కట్టబడినవానికి అయిదేండ్ల గడువనియు, ఆ ప్రణాళికలో ముంపుపటములును హెచ్చరిక పద్ధతియు నుండవలెననియు అది శాసించుచున్నది. కేంద్ర జలసంఘము వారు 2018లోనే ఆనకట్టలవలన గలుగు వరదప్రమాదమును పటములుగా గీయు విధమును వివరించిరి.

ఈ చట్టమున నందికొట్కూరువారు ముఖ్యముగా గమనింపవలసిన మాట యొకటి కలదు. ఆనకట్టకు దిగువ నున్నవారికే గాక ఎగువ నున్నవారికి గూడ రక్షణ జూపవలెనని అది చెప్పుచున్నది. సామాన్యముగా ఆనకట్ట యనగానే దిగువవారి భయమే తలపునకు వచ్చును. నందికొట్కూరు తాలూకా శ్రీశైలమునకు ఎగువనున్నది. 1981లో నూఱింటికి పైగా గ్రామములు ఆ జలాశయమునకు తమ యిండ్లను, గుళ్ళను, పొలములను అర్పించినవి. మిగిలినవి ఒడ్డున నిలిచినవి. మల్యాల, ముచ్చుమర్రి కడనుండి యెత్తిన నీరు అనంతపురపు మెట్టలకు బోవుచున్నది. పోతిరెడ్డిపాడు ద్వారములగుండ నీరు దూరపు సీమలకు బోవుచున్నది. తమ నేలమీదుగా నిందఱకు నీరిచ్చుచున్న వారికి, ఆ నీరు తమ గడపనెప్పుడు దాటునో ముందుగా దెలిసికొను హక్కు లేదా?

చేయవలసిన పని

ప్రభుత్వము చేయవలసినది కొంత, మనము చేయవలసినది కొంత. ముంపుపటము కార్యాలయపు బీరువాలో నుండుటకు గాదు. అది తెలుగున, గ్రామగ్రామమునకు వేఱుగా, సర్వేనెంబరు తెలియునట్లు అచ్చువేయింపబడి పంచాయతీ కచేరీ గోడకు దగిలింపబడవలెను. జలాశయము ఏ మట్టమునకు వచ్చినపుడు ఏ వీథికి నీరువచ్చునో, ఏ మట్టమున బండ్లు కట్టవలెనో, ఏ మెట్టకు పోవలెనో, పశువుల నెచట కట్టవలెనో అందు వ్రాసి యుండవలెను. ఏటికొకమారు వర్షారంభమునకు ముందు పాఠశాల పిల్లలకు ఆ దారిని నడిపించి చూపవలెను. నది జిల్లాల హద్దు నెఱుగదు. 2022లో నందికొట్కూరు నంద్యాల జిల్లాలో జేరినదనియు, ఆవలియొడ్డు తెలంగాణమనియు, ఎగువ కర్ణాటకమనియు నీటికి దెలియదు. కావున మూడు రాష్ట్రముల లెక్కలును ఒకే పటముపై గలియవలెను.

మన వంతు పనియు స్వల్పము కాదు. కంప్యూటరు లెక్క నిజమో కాదో తూచుటకు శాస్త్రజ్ఞులకు గావలసినది పాతవరద విడిచిన గుర్తు. 2009లో తమ గోడపై నీరెంతయెత్తు నిలిచినదో చూపగల వృద్ధులు ఊరూరను గలరు. సున్నము వేసినపుడెల్ల ఆ గీత చెరగిపోవుచున్నది. ఆ గీతపై రాతిపలక నొకటి పొదిగి తేదీ చెక్కించుటకు ఎంత ఖర్చగును? దేవాలయపు మెట్టుపైన, బడిగోడపైన, రచ్చకట్టపైన ఆ గుర్తులు నిలిపినచో యంత్రమునకు సాక్ష్యము, పిల్లలకు బాఠము. ఆర్మెరోవారు 1845 నాటి గుర్తును మఱచిరి. మనము 2009 నాటి గుర్తును మఱువరాదు.

భూస్వాములతో ఒక్కమాట. పటము బయటపడినచో నదీతీరపు భూమి ధర పడిపోవుననియు, స్థలములు అమ్ముడుపోవనియు భయపడువారు గలరు. ఆ భయము నిరాధారము కాదు. కాని ధర పడుట పటమువలన గాదు, పల్లమువలన. పల్లము పటము లేకున్నను పల్లమే. దానిని దాచి అమ్మినచో అమ్మినవాడు లాభపడును. కొన్నవాని పిల్లలు నీటిపాలగుదురు. పల్లపు నేలలో పంట పండింపుడు. ఇల్లు మిట్టమీద గట్టుడు. మన పూర్వులు గ్రామనత్తమును మిట్టమీదనే యెన్నుకొనిరి. వారి చేతిలో కంప్యూటరు లేదు. కంటియెదుట నది యున్నది.

పాత నందికొట్కూరు తాలూకాలోని సంగమేశ్వరమున సప్తనదీ సంగమమందలి దేవాలయము ఏటేట జలాశయమున మునిగి, నీటిమట్టము సుమారు 840 అడుగులకు దిగినపుడు తేలి దర్శనమిచ్చును. ఆ దినమునకై భక్తులు మట్టములను లెక్కించుచుందురు. నేడిన్ని అడుగులు, ఇక నింత దిగవలెనని చెప్పుకొందురు. దేవుని గుడి యే మట్టమున మునిగి యే మట్టమున దేలునో తెలిసిన జనము మనము. మన యిల్లే మట్టమున మునుగునో మాత్రము మనకు దెలియదు. ఆ యొక్క అంకె ప్రతిగడపకును జేరిననాడు శాస్త్రము సార్థకమగును. అది చేరువఱకు అడుగుట మన విధి, చెప్పుట ప్రభుత్వపు విధి. నీరు వచ్చుటకు పూర్వమే ఆ సమాధానము వచ్చుగాక!